గడ్డివాములో కొంకి కట్టె

కోరుట్ల,
ఆదివారం, పగటిపూట.

బాపూ,

నీ బిడ్డ కల్పన దండం పెట్టి రాస్తున్నది. ఇక్కడ అవ్వ బాగుంది, నేను వేళకు తింటున్నాను, మన కుక్క నాకంటే ఎక్కువే తింటున్నది. అక్కడ నీ దగ్గు తగ్గిందనీ, విరిగిన చెయ్యి అతుక్కున్నదనీ, జైలు అన్నం నీకు పడుతున్నదనీ నమ్మి మొదలుపెడుతున్నాను. పోటీ పరీక్షల బిట్లు రాసీ రాసీ నా చేతికి పుస్తకం తెలుగే అలవాటైంది, చదివి నవ్వకు. ఏడో తరగతి దాకా చదివినవాడివి కదా, కూడబలుక్కుంటూ అయినా ఈ ఉత్తరం నువ్వే చదువుకో. ఇంకొకరి చేత చదివించుకోకు.

నీ చీటీ మంగళవారం అందింది. విడుదలై వచ్చిన ధర్మపురి రాజం తాత జగిత్యాలలో బస్సు దిగి, నేను పాఠాలు చెప్పే కోచింగ్ సెంటర్ ఎక్కడని పదిమందిని అడుక్కుంటూ వచ్చి నా చేతిలో పెట్టాడు. మెట్ల మీదే కూలబడి నీ ముచ్చట్లు చెప్పాడు.

"మీ నాయిన మమ్ములనందరిని బిట్లడిగి సంపుతుండు బిడ్డా. రాష్ట్ర పక్షి ఏందిరా అంటే నేను కోడి అన్న. గీయనకు నవ్వాగలే. రెండు దినాలు నన్ను కోడి అనే పిలిచిండు."

నేనూ నవ్వాను. రాజం తాత పోయాక మెట్ల కింద నిలబడి నీ చీటీ విప్పాను. చాలా అడిగావు. అవ్వ కాలు ఎట్లుంది, చేను ఏమైంది, కొత్త బిట్లు ఏమన్నా ఉన్నాయా, పరీక్ష ఎప్పుడు, ధనుంజయ్ మళ్లీ ఇంటి మీదికి వచ్చాడా అని. అన్నిటికీ జవాబు రాస్తాను. చీటీలో అన్నిటికంటే కింద చిన్నగా రాసిన రెండు వరసలు ఉన్నాయి కదా, వాటి సంగతి మాత్రం చివరికి చెప్తాను. అక్కడిదాకా పోవడానికి నాకు కొంచెం ధైర్యం కావాలి.

మొదట నీ ఇల్లాలి సంగతి. అవ్వ కాలు మానింది. తొడ మీద జానెడు మచ్చ మిగిలింది, వానపడితే లోపల గుంజుతున్నదంటుంది. అయినా చర్చికి కుంటుకుంటూ పోయింది. ఆమె ఇంట్లో లేదు కాబట్టే ఈ కాగితాలు ముందేసుకున్నాను. మక్కజొన్న చేను పక్కనుంచి నడవాలంటే మాత్రం ఇప్పటికీ నా భుజం పట్టుకుంటుంది. ఆ పొద్దు గట్టు మీద గడ్డి కోస్తుంటే మక్కలోంచి పంది దూసుకొచ్చి ఆమెను ఎత్తి పడేసిందే, పడ్డాక కూడా వదలక మళ్లీ తిరిగొచ్చి పొడిచిందే, నాకు అది రోజూ కనబడుతుంది. నువ్వు గొడ్డలితో దాని వీపు మీద కొట్టావు, గొడ్డలి ఎగిరి నీ మీదికే వచ్చింది. ఆటోలో కోరుట్ల దవాఖానకు పోయేదాకా అవ్వ తొడను నా రెండు చేతులతో మూసి పట్టుకున్నాను. వేళ్ల సందుల్లోంచి వెచ్చగా కారుతూనే ఉంది. ముప్పై రెండు కుట్లు పడ్డాయి. వారం రోజులు అన్నం కలుపుకుంటే నా గోళ్లలోంచి ఆ వాసనే వచ్చింది. ఆ వారంలోనే నాకు పందుల మీద పగ పుట్టింది బాపూ. పెద్ద మాటే, కానీ అంతకు తక్కువ మాట నాకు దొరకడం లేదు.

చేను సంగతి. కౌలుకు ఇచ్చిన పటేలు వాపసు తీసుకున్నాడు. వేరేవాళ్లు పసుపు పెట్టారు, మొక్క బాగానే ఉంది. మన కొట్టం పీకేయమన్నారు గానీ గడ్డివామును ఇంకా కదిలించలేదు. అది నీకు తెలియాలనే అడిగావని నాకు ఇప్పుడు అర్థమైంది.

బిట్లు అడిగావు. మా సెంటర్ ఈ నెల బిట్ల పుస్తకంలో సంస్కృతి, పర్యావరణం భాగం నాకే ఇచ్చారు. రాష్ట్ర వృక్షం జమ్మి, పువ్వు తంగేడు, పక్షి పాలపిట్ట, జంతువు జింక. ఇవి నీకు వచ్చు, రాజం తాతకు నేర్పు. రామప్ప గుడి ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది 2021లో. నువ్వున్న కరీంనగర్‌లో చేసే వెండి తీగ పనికి భౌగోళిక గుర్తింపు ఉంది. ఈ ఒక్క బిట్టు రాయడానికి నాకు పొద్దంతా పట్టింది, తీగ అన్న మాట రాసి కొట్టేసి, రాసి కొట్టేసి. పరీక్ష వచ్చే నెలలో. మూడేళ్లు నాతో పాటు నువ్వూ చదివావు. మక్క పొట్టు తీస్తూ నన్ను ప్రశ్నలు అడిగేవాడివి, నేను తిరిగి అడిగితే నాలుగు ఆప్షన్లు చెప్పకముందే "డీ, పైవన్నీ" అనేవాడివి. అన్నిటికీ అదే జవాబు. "గట్లయితే ఎవ్వల్ని ఇడిసిపెట్టినట్టు ఉండది బిడ్డా" అనేవాడివి.

ఇంకొక బిట్టు ఉంది. మొన్న క్లాసులో ఒకమ్మాయి లేచి, "మేడమ్, అడవిపందుల్ని చంపచ్చునా, చంపద్దా?" అని అడిగింది. నీళ్లు తాగొస్తానని బయటికి పోయాను. అవ్వ దవాఖానలో పడి ఉన్నప్పుడు నువ్వు కూడా ఇదే అడిగావు.

"గా పందులను సంపితే కేసయితదా బిడ్డా? నీ పుస్తకంల ఏమున్నది?"

"సంపచ్చు బాపూ. పంట పాడుజేసే పందులకు సర్కారే పర్మిషన్ ఇస్తున్నది. నేనే బిట్టు రాసిన" అన్నాను.

నేను సగమే చెప్పాను. మిగతా సగం నాకు నోటికి వచ్చు. ముందు అనుమతి తీసుకోవాలి, లైసెన్సు ఉన్న షూటరే కాల్చాలి, కరెంటు తీగ గానీ ఉచ్చు గానీ విషం గానీ పెట్టకూడదు. పరీక్షలో తికమక పెట్టేది ఆ సగంతోనే, నేను పిల్లలకు చెప్పేదీ ఆ సగమే. కుట్లు పడ్డ అవ్వ తొడను చూస్తూ అది నీకు చెప్పబుద్ధి కాలేదు. తెలియక చేసిన తప్పు కాదు, తెలిసి దాచిన తప్పు.

నువ్వు దవాఖాన నుంచి వచ్చిన రెండో రోజే చేను చుట్టూ మోకాలెత్తున జీఐ ఇనుప తీగ కట్టావు. వెదురు బొంగుకు కొంకి కట్టి, దాంతో తీగ కొసను పైన కరెంటు లైనుకు తగిలించేవాడివి. పొద్దుగూకినాక తగిలించడం, తెల్లవారుజామున నాలుగింటికి తీసెయ్యడం. మూడో రోజే ఆడపంది పడింది. తీగకు అంటుకుని కొట్టుకుంటుంటే కరెంటు తీసి, ఇంకా ఊపిరి ఉందని గొడ్డలి మడమతో తల మీద ఐదారు దెబ్బలు కొట్టావు. దాని ఒక కన్ను బయటికి వచ్చింది. పక్కనే దాని పిల్లలు మక్కలో అరుస్తూ తిరిగాయి. నేను నీ వెనక టార్చి పట్టుకొని నిలబడ్డాను. "ఇంకోటి కొట్టు బాపూ" అన్నాను. గుర్తుందా? నువ్వు నా దిక్కు ఒకసారి చూసి, గొడ్డలి కింద పెట్టావు.

ఆ తీగ మీదే కల్లు గీసే గంగయ్య మామకు నీకు మాటామాటా వచ్చింది. ఆయన ఎక్కే తాటిచెట్లు మన గట్టు మీదే కదా. తెల్లారకముందే చెట్టెక్కే మోకు భుజాన వేసుకుని మన చేనులోంచే పోవాలి. కల్లు అమ్మే మండువ దగ్గర అందరి ముందు నిన్ను పేరు పెట్టి నిలదీశాడు.

"ఆగయ్యా, పందికి పెట్టిన తీగ మనిషిని గుర్తు పడ్తదా?"

"మా బిడ్డ పుస్తకంల రాసింది, పందిని సంపచ్చు. నీ కాళ్లు నువ్వే జూసుకో" అన్నావు నువ్వు.

పదిమంది విన్నది ఆ మాటే. తెల్లారి ఆయన మన కొట్టం దగ్గరికి వచ్చి కల్లు పట్టే ఖాళీ మట్టి లొట్టి ఒకటి నీ చేతిలో పెట్టింది నేను తప్ప ఎవరూ చూడలేదు. "కరెంటు తీసినంక గీ లొట్టిని గట్టు మీది గుంజకు బోర్లియ్యి. లొట్టి ఉంటె అస్త, లేకుంటె సుట్టు తిరిగి పోత" అన్నాడు. మీరిద్దరూ ఒకే బీడీ మార్చుకుంటూ తాగారు. అప్పటి నుంచి నువ్వు ఒక్క రోజు తప్పలేదు, నాలుగింటికి కొంకి దించడం, లొట్టి బోర్లించడం. "మన చేనుకు ట్రాఫిక్ సిగ్నల్ వచ్చింది" అని నేను ఎగతాళి చేసేదాన్ని. గంగయ్య మామ కూడా నవ్వేవాడు.

ఇక గంగయ్య మామ కొడుకు ధనుంజయ్ సంగతి. అతను మళ్లీ ఇంటి మీదికి రాలేదు. తల్లి జమునత్తను తీసుకుపోయి తంగళ్ళపల్లిలో ఉంటున్నాడు, సిరిసిల్లలో మరమగ్గాల షెడ్డుకు పోతున్నాడు. నీ మీద అతని కోపం ఇసుమంత కూడా తగ్గలేదు. తండ్రి శవం ఇంకా కోరుట్ల దవాఖానలో ఉండగానే పన్నెండు మందితో మన ఇంటి మీదికి వచ్చిన రోజు నేను తలుపు వెనకాల ఉన్నాను. తలుపు గడ్డపారతో పగలగొట్టారు. నిన్ను జుట్టు పట్టి వాకిట్లోకి గుంజారు. ఇనుప రాడ్ నీ ఎడమ చేతి మీద పడ్డప్పుడు లోపల ఎముక విరిగిన చప్పుడు నాకు లోపలికి వినిపించింది. నా పుస్తకాలు, మూడేళ్ల నోట్సు అన్నీ కుప్పపోసి కిరసనాయిలు పోశారు. ఒకడు నా జడ పట్టుకుని ఆ మంట దగ్గరికి వంచాడు. నా కనుబొమ్మలు కాలాయి. అప్పుడు నువ్వు నోట్లో నెత్తురుతో అరిచావు.

"సంపింది నేను! కరెంటు తీసుడు మర్సిన. గా పిల్లను ముట్టకుండ్రి!"

నన్ను వదిలేశారు. మళ్లీ నీ మీద పడ్డారు. పోలీసు జీపు వచ్చేదాకా తన్నుతూనే ఉన్నారు. నేను మంట పక్కన కూర్చుని చూశాను. నోరు తెరవలేదు.

మరిచిపోయానని నువ్వు అన్నంతమాత్రాన కేసు అంతటితో పోలేదు, లొట్టి ఉంది కదా. గుంజ మీద బోర్లించిన లొట్టి పంచనామాలో రాశారు. "కరెంటు పెట్టి, లొట్టి పెట్టి, మా నాయినను పిల్సి సంపిండు" అన్నాడు, ఆ గుర్తు సంగతి తండ్రి నోట విన్న ధనుంజయ్. కల్లు మండువలో తిట్టుకున్నది విన్న పదిమందీ సాక్ష్యానికి వచ్చారు. నిర్లక్ష్యం కేసు కాస్తా హత్య కేసు అయింది, బెయిలు రాలేదు. వచ్చే మంగళవారం వాయిదా. మహిపాల్ వకీలు నాతో అన్నది నీకు చెప్పలేదు. "లొట్టి ఎందుకు పెట్టిండో మీ నాయిన చెప్తలేడమ్మా. అడిగితే మతి తప్పిందంటడు. గదొక్కటి తేలకుంటె యావజ్జీవం పడ్తది" అన్నాడు.

బాపూ, నీ మతి తప్పలేదు. నువ్వు ఏదీ మరిచిపోలేదు.

ములాఖాత్‌లో ఐదుసార్లు నీ ముందు నిలబడ్డాను, ఆ ఇనుప జాలీకి అటుపక్క నువ్వు, ఇటుపక్క నేను, నా పక్కన అవ్వ. ఐదుసార్లూ నోటిదాకా వచ్చి ఆగింది. కాగితం మీద రాస్తున్నాను. ఆ రోజు నాలుగింటికి నువ్వు కొంకి దించావు. కట్టెను కొట్టం దూలం మీద పెట్టావు, లొట్టి బోర్లించావు, పాల క్యాను సైకిల్‌కు తగిలించుకుని ఊళ్లోకి పోయావు. నేను కొట్టంలో మంచం మీద పుస్తకం పట్టుకుని కూర్చున్నాను. ఐదు కాకముందే మక్కలో చప్పుడైంది. కంకులు విరుస్తున్న చప్పుడు, దాని వెంట ఆ గుర్రుమనే చప్పుడు. నా చేతుల్లో అవ్వ తొడ మెదిలింది. చంపాలనిపించింది. పంట కాపాడాలని కాదు బాపూ, చంపాలనే.

దూలం మీది కట్టె తీశాను. షాకు కొడుతుందని భయమేసి, నా పసుప్పచ్చ చున్నీని పట్టుకునే చోట నాలుగు చుట్లు చుట్టాను. నువ్వు చేసినట్టే తీగ కొసను లైనుకు తగిలించాను. పది నిమిషాలు ఉంచి తీసేద్దామనుకున్నాను. లొట్టి నాకు గుర్తుకే రాలేదు. రోజూ ఎగతాళి చేసిన ఆ లొట్టే. కట్టెను స్తంభానికి ఆనించి, వచ్చి మళ్లీ పుస్తకం తీశాను. చిత్తడి నేలల పాఠం. ఏ సరస్సు ఏ రాష్ట్రంలో ఉందో బట్టీ పడుతూ కూర్చున్నాను. పది నిమిషాలు కాస్తా ముప్పావు గంట అయింది.

అప్పుడు అరుపు వినబడింది. పంది పడిందనుకుని సంతోషపడ్డాను. ఇది రాయకుండా ఉండొచ్చు, కానీ రాయకపోతే మిగతాది రాసీ లాభం లేదు. సంతోషపడ్డాను, పుస్తకంలో గుర్తు పెట్టి మరీ లేచాను.

గంగయ్య మామ తీగ మీద పడి ఉన్నాడు. మోకు భుజానే ఉంది. కుడిచెయ్యి తీగను బిగించి పట్టుకుంది, వదలడం లేదు. నడుముకున్న కత్తుల పొది దగ్గర అంగీ అంటుకుని పొగ వస్తున్నది. పళ్లు బిగుసుకుని నాలుక తెగి, గడ్డం మీదుగా నెత్తురు కారింది. కళ్లు తెరిచే ఉన్నాయి, గుంజ మీది లొట్టి దిక్కు చూస్తున్నట్టే ఉన్నాయి. నా కాళ్లు కదలలేదు. ఊళ్లోంచి తిరిగొస్తున్న నువ్వు రోడ్డు మీదే సైకిల్ పడేసి పరుగెత్తుకొచ్చి కట్టె అందుకుని కొంకి దించావు. ఆయన కింద పడ్డాడు. నువ్వు ఆయన ఛాతీ మీద గుద్దావు, నోట్లో ఊదావు, "గంగన్నా, గంగన్నా" అని పిలిచావు. తర్వాత లేచి నా దిక్కు చూసి ఒక్క మాటే అన్నావు.

"నువ్వు ఇంట్లకు పో. పుస్తకం వట్టుకో."

నేను పోయాను. పుస్తకం పట్టుకున్నాను.

శవాన్ని చూడొద్దని అట్లా అన్నావనుకున్నాను. నిజంగానే మరిచిపోయావని నువ్వు నమ్ముతున్నావనుకున్నాను. ఏడు నెలలు అదే అనుకుంటూ తిన్నాను, పడుకున్నాను, బిట్లు రాశాను. కేసు నా మీద పడితే ఉద్యోగం రాదు, ఉద్యోగం రాకపోతే బాపు పడ్డ కష్టమంతా మట్టిలో కలుస్తుంది అని నాకు నేనే చెప్పుకున్నాను. నిన్ను జైల్లో పెట్టి, నీ కోసమే చదువుతున్నానని చెప్పుకున్నాను. చున్నీ ఎక్కడ పోయిందో వెతికాను గానీ గట్టిగా వెతకలేదు.

ఇప్పుడు నీ చీటీలోని చివరి రెండు వరసలకు వచ్చాను. "గడ్డివాముల కుడిపక్కకు చెయ్యి పెడితే కొంకి కట్టె తగుల్తది. దానికి సుట్టి ఉన్నదాన్ని ఇప్పకుండ రెండిట్ని పొయ్యిల పెట్టు."

మెట్ల కింద నిలబడి అది మూడుసార్లు చదివాను. కొంకి దించడానికి కట్టె పట్టుకున్నప్పుడే నా చున్నీ నీ చేతికి తగిలింది. ఆ నిమిషంలోనే నీకు అంతా తెలిసింది. నన్ను ఇంట్లోకి పంపి, ఊరు వచ్చేలోపల దాన్ని గడ్డివాములో గుచ్చావు. చెయ్యి విరగ్గొడుతున్నా, హంతకుడని ఉమ్మేస్తున్నా, లొట్టి ఎందుకు పెట్టావని వకీలు బతిమాలుతున్నా మతి తప్పిందనే అన్నావు. అన్ని ప్రశ్నలకూ పైవన్నీ అనే మనిషివి, ఈ ఒక్క ప్రశ్నకు మాత్రం "నేను" అన్నావు. నాకు నీ మీద కోపం వచ్చింది బాపూ. మీద పడి కొట్టాలన్నంత కోపం. ఏడు నెలలు నన్ను ఇట్లా బతకనిచ్చినందుకు.

ఆ సాయంత్రమే చేను దగ్గరికి పోయి గడ్డివాములో చెయ్యి పెట్టాను. కట్టె దొరికింది. చున్నీ ఇంకా దానికి చుట్టే ఉంది, మడతల్లో పసుపు రంగు అట్లాగే ఉంది. ఒక కొసకు నల్లగా అంటింది, గంగయ్య మామదో, నీదో తెలియదు.

గురువారం తంగళ్ళపల్లి పోయాను. జమునత్త ఇంటి ముందర కూర్చుని రాట్నం మీద కండెలు చుడుతున్నది. నన్ను చూడగానే లేచి, లోపలికి పోయి తలుపు వేయబోయింది. నేను తలుపు సందులో కాలు పెట్టి, నిలబడే చెప్పాను. మొదటి నుంచి చివరిదాకా, పుస్తకంలో గుర్తు పెట్టి లేచిన సంగతి కూడా. కండెల గంప ఎత్తి నా ముఖం మీద కొట్టింది. పెదవి చిట్లింది. జుట్టు పట్టుకుని గోడకేసి రెండుసార్లు బాదింది. నేను చేతులు అడ్డం పెట్టలేదు. షిఫ్టు దిగి వచ్చిన ధనుంజయ్ సంగతి వినగానే నా గొంతు పట్టుకున్నాడు. కళ్లు చీకట్లు కమ్మాయి. చస్తానేమో అనుకున్నాను, ఫరవాలేదనిపించింది కూడా. అప్పుడు జమునత్తే అతని చెయ్యి పట్టి గుంజింది.

"ఆగురా. ఒక్క మాట అడగాలె." నా ముందు కూలబడింది. "లొట్టి ఎవలు వెట్టిండ్రు? నువ్వా, మీ నాయినా?"

"బాపు పెట్టిండత్తా. పెట్టినప్పుడు తీగల కరెంటు లేదు. తర్వాత నేను పెట్టిన."

"అంటే మీ నాయిన ఆగయ్య మాట తప్పలే?"

"తప్పలే."

రాట్నం మీద దారం తెగి వేలాడుతున్నది. జమునత్త ఏడవడం మొదలుపెట్టింది, ఆయన పోయిన రోజు ఏడ్చినట్టే ఛాతీ కొట్టుకుంటూ. "ఏడు నెల్ల సంది మా ఆయనను తిట్టుకుంటున్ననే. తిట్టినోని లొట్టిని నమ్మి పోయిండు, గింత ఎడ్డోడా అని శవాన్ని గూడ తిట్టిన. ఎడ్డోడు కాదుర ధనుంజయ్, మీ నాయిన నమ్మింది నిజమేరా" అని కొడుకును పట్టుకుంది. ధనుంజయ్ గోడ దిక్కు తిరిగి నిలబడ్డాడు. నన్ను పొమ్మనలేదు, కూర్చోమనలేదు. నేను లేచి వస్తుంటే జమునత్త వెనక నుంచి అన్నది. "నిన్ను మాఫ్ జెయ్య. బతికున్నన్ని దినాలు జెయ్య. గని టేషనుకు నేను గూడ అస్త. మీ నాయిన పిల్సి సంపిండని నా కొడుకు రాసిచ్చిండు, గది తప్పని నేను జెప్పాలె."

అవ్వకు నిన్న చెప్పాను. చెంప మీద కొట్టింది. మోకాళ్ల మీద కూర్చుని చాలాసేపు ప్రార్థన చేసింది, ఎవరి కోసమో నేను అడగలేదు. తర్వాత అన్నం కలిపి చిట్లిన పెదవికి తగలకుండా ముద్దలు పెట్టింది.

మహిపాల్ వకీలు హత్య కేసు నిలబడదంటున్నాడు. తీగ కట్టిన నేరం నీ మీద ఉంటుందట, దాన్ని తప్పించలేను, తప్పించడం న్యాయం కూడా కాదు. నా మీద కేసు అవుతుంది. పరీక్ష రాయనిస్తే రాస్తాను. రాసినా ఉద్యోగం ఇస్తారో లేదో తెలియదు. నాకు భయంగా ఉంది బాపూ, అది దాచను. కానీ ఏడు నెలల తర్వాత మొన్న మొదటిసారి కళ్లు మూసుకుంటే గంగయ్య మామ నా దిక్కు కాకుండా లొట్టి దిక్కు చూస్తూ కనిపించాడు.

జైలోళ్లు ఈ ఉత్తరం విప్పి చదువుతారని తెలుసు. చదవనీ. నీ చేతికి వచ్చేసరికి నేను చెప్పాల్సిన చోట చెప్పేసి ఉంటాను. రేపు పొద్దున తొమ్మిదింటికి జమునత్త బస్సు దిగుతుంది, ఇద్దరం కలిసే పోలీసు స్టేషనుకు పోతాం.

నువ్వు పొయ్యిలో పెట్టమన్నావు కదా. పెట్టలేదు. చున్నీ విప్పలేదు, ఉతకలేదు. రెండిటినీ గోనెసంచిలో చుట్టి దర్వాజ పక్కన నిలబెట్టాను. మంగళవారం కోర్టులో ఆ కట్టె బల్ల మీద ఉంటుంది, నేను దాని పక్కన ఉంటాను. నన్ను చూసి మళ్లీ ఇంట్లకు పో అనకు బాపూ. ఈసారి నేను పోను.

ఇట్లు,
నీ బిడ్డ,
కల్పన.